కూలివాళ్ళ ఒంటి మీద రాచపుండు

క్యాన్సర్‌ను మన ముసలివాళ్ళు రాచపుండు అంటారు. పేరులో రాచరికమైతే వుంది గాని, చర్మానికి పట్టే క్యాన్సర్ మన దేశంలో దొరల గడీలకన్నా కూలినాలి జనం గుడిసెలనే ఎక్కువగా వెతుక్కుంటూ వస్తుంది. ఎండలో నడుం వంచి చేసే పని, కాలిన గాయానికి సరైన వైద్యం దొరకకపోవడం, చెప్పుల్లేని కాళ్ళు, మానని పుండును కూలి పోతుందన్న భయంతో నెలల తరబడి పక్కన పెట్టడం ఇవన్నీ కలిసి దీనికి దారి చేస్తాయి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. "పుండే గదా అవ్వా, పసుపు వెడితె మానుతది" అన్న ఒక్క మాట మీదనే ఏండ్లు గడిచిపోతాయి.

జనాన్ని బెదరగొట్టడం మన పని కాదు కాబట్టి ముందే ఒక సంగతి చెప్పుకోవాలి. మన దేశంలో వచ్చే క్యాన్సర్లన్నిటిలో చర్మానివి నూటికి ఒకటి, రెండుకు మించవు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భసంచి ముఖద్వారపు క్యాన్సర్ మన దగ్గర ఎంతో ఎక్కువ. చర్మంలో నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం వుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అది చాలావరకు అడ్డుకుంటుంది. తెల్లతోలు జనం పోయి ఎర్రటి ఎండలో స్థిరపడిన ఆస్ట్రేలియాలో డెబ్బై ఏండ్లు వచ్చేసరికి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుందని అక్కడి క్యాన్సర్ సంస్థలు చెబుతున్నాయి. మనకు ఆ బాధ లేదు. నల్లగా వున్నామని చిన్నబుచ్చుకునేవాళ్ళు, తెల్లబడే క్రీములకు డబ్బు తగలేసేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది.

అయితే "నల్లోళ్ళకు రాదు" అనేది సగం నిజం. ఈ సగం నిజమే ప్రాణం మీదికి తెస్తున్నది. రాదనుకుని రోగి పోడు, రాదనుకుని డాక్టరు అనుమానించడు. పేదల పాట, తిరుగుబాటు పాట పాడి ప్రపంచాన్ని ఊపిన జమైకా గాయకుడు బాబ్ మార్లీ నల్లజాతి బిడ్డ. 1977లో అతని కాలి బొటనవేలి గోరు కింద మెలనోమా అనే చర్మ క్యాన్సర్ బయటపడింది. మొదట అది బంతాటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981 మే 11న, ముప్పై ఆరేళ్ళ వయసులో చనిపోయాడు. ఎండ తగలని చోట, అరికాలిలో, అరిచేతిలో, గోరు కింద వచ్చే ఈ రకానికి తోలు రంగుతో పని లేదు. మన దేశంలో మెలనోమా తక్కువే, కాని వచ్చిన కొద్దిమందిలో ఎక్కువగా కనిపించేది పాదం మీదనే. అరికాలిలో నల్లటి మచ్చ పెరుగుతుంటే మనవాళ్ళు ఏమంటారు? "తుమ్మముల్లు ఇరిగింది, గదే నల్లగయింది." ముల్లు విరిగితే వారం పదిరోజుల్లో చీము పట్టి బయటికొస్తుంది, లేదా మానుతుంది. నెలనెలకూ వెడల్పయ్యే నలుపు ముల్లు కాదు.

నడుము చుట్టూ తాడు

2024 నవంబరులో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రెండు కేసుల వివరాలు వచ్చాయి. రాసింది బీహార్‌లోని మధుబని, మహారాష్ట్రలోని వార్ధా వైద్య కళాశాలల డాక్టర్లు. వార్ధా అంటే మనకు పరాయి చోటు కాదు. ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ దాటితే యవత్‌మాల్, దాని అవతల వార్ధా. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే ఎండ.

మొదటి ఆమెకు డెబ్బై ఏళ్ళు. నడుముకు కుడిపక్క పుండు లేచి పద్దెనిమిది నెలలైంది, మానలేదు. రెండో ఆమెకు అరవై దాటాయి, పుండు రెండేళ్ళ నాటిది. ఒకామె చీర కింద లంగా బొందు బిగించి కట్టేది. రెండో ఆమె లంగా లేకుండా లుగ్డాను నలభై ఏళ్ళుగా నడుముకు బిగించి కట్టింది. లుగ్డా అంటే మన ఆదిలాబాద్ మరాఠీ ఆడవాళ్ళు గోచి పెట్టి కట్టే తొమ్మిది గజాల చీరే. ముక్క తీసి పరీక్ష చేస్తే ఇద్దరిదీ క్యాన్సర్ అని తేలింది. రెండో ఆమెకు అప్పటికే గజ్జల్లో గడ్డకు పాకింది.

చీర కట్టుకుంటే క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. కోట్లమంది కడుతున్నారు, వచ్చింది ఏ కొద్దిమందికో. జరిగేదేమిటంటే, సన్నటి బొందు ఒకేచోట రోజంతా కోసుకుంటుంది. నాట్లప్పుడు పొద్దున నుంచి పొద్దుమూకిందాకా వంగి వుంటారు, చెమట, బురద, తడి. అక్కడ తోలు నల్లబడి మందమవుతుంది, గోకుతారు, పొక్కుతుంది, పగులుతుంది. మానేలోపే మళ్ళీ దాని మీదనే బొందు. ఇట్లా ఏండ్ల తరబడి రేగుతూ మానుతూ వున్న చోట ఎప్పుడో ఒకనాడు తోలు కణాలు అదుపు తప్పుతాయి.

ఇది కొత్తగా కనుక్కున్నదీ కాదు. బొంబాయిలో డాక్టర్ వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే ధోవతి బిగించి కట్టే మగవాళ్ళ నడుము మీద వచ్చే క్యాన్సర్ గురించి రాశారు. మన ఆంధ్ర తీరంలో చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వాళ్ళకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి కూడా ఆ వ్యాసంలోనే చెప్పారు. కాశ్మీరులో చలికి నిప్పుల కుండను పొట్ట దగ్గర దుస్తుల కింద పెట్టుకునేవాళ్ళకు పొట్ట మీద, తొడల మీద వస్తుంది. జనం బతికే తీరు ఒంటి మీద ముద్ర వేస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆడకూలీలు చేసుకోగలిగింది చిన్న పనే. సన్నటి బొందు తీసేసి రెండు వేళ్ళ వెడల్పు పట్టీ కుట్టించుకోవాలి. ముడి ఒక్కపక్కే కాకుండా రోజూ చోటు మార్చాలి. ఇంటికి రాగానే వదులు చేసి, సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. మగవాళ్ళ మొలతాడుకూ ఇదే మాట. కింద తోలు పొక్కితే మొలతాడు తీసి మానిందాకా పక్కన పెట్టడంలో అరిష్టమేమీ లేదు.

మాని మళ్ళీ రేగే పుండు

మన పల్లెల్లో చర్మ క్యాన్సర్‌కు అసలు దారి ఎండకన్నా ఇదే అని నా అభిప్రాయం. పాత కాలిన మచ్చ మీద, ఏండ్లుగా మానని పుండు మీద లేచే క్యాన్సర్‌కు ఫ్రెంచి సర్జన్ మార్జోలిన్ పేరు పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఆయన ఇట్లాంటి పుండ్లను వర్ణించాడు. చిన్నప్పుడు కాలిన మచ్చ ఇరవై, ముప్పై ఏండ్ల తర్వాత ఇట్లా మారవచ్చు. అన్ని మచ్చలూ మారవు, చాలా కొద్దివే మారతాయి. కాని కాలిన గాయాలు ఎవరి ఇళ్ళల్లో ఎక్కువ? కిరసనాయిలు స్టవ్వు పేలేది ఎవరింట్లో? జగిత్యాల, మెట్‌పల్లి వైపు పసుపు ఉడకబెట్టే కడాయిల దగ్గర నిలబడేది ఎవరు? ఇటుక బట్టీల దగ్గర పసిపిల్లలను ఆడించేది ఎవరు? కాలిన చోట తోలు అతికించే ఆపరేషన్ సకాలంలో చేస్తే గాయం గట్టిగా మానుతుంది, ముడతపడి చిట్లే తోలు మిగలదు. అది చేయించుకోలేని వాడికి మోకాలి వెనక, మోచేతి మడత దగ్గర పలుచటి తోలు మిగులుతుంది. ప్రతి పనికీ అది చిట్లుతుంది.

పాము కరిచి బతికి బట్టకట్టినవాళ్ళ కాళ్ళ మీద తోలు ఊడిపోయి మిగిలిన పుండ్లు, నరాలు ఉబ్బినవాళ్ళకు చీలమండ దగ్గర వచ్చే పుండ్లు, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన అరికాళ్ళలో పడే గుంట పుండ్లు కూడా ఈ లెక్కలోవే. కుష్ఠు మందుతో నయమైపోతుంది గాని పోయిన స్పర్శ తిరిగి రాదు. నొప్పి తెలియని కాలు రాయి మీద పడుతుంది, పుండు లోతవుతుంది. అట్లాంటివాళ్ళకు మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాలి. ఇస్తున్నారా, ఏడాదికి ఎన్ని జతలు వచ్చాయి అని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగే హక్కు మన సంఘాలకు వుంది.

గిరిజన గూడేల్లో, మైదాన పల్లెల్లోనూ వాతలు పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కడుపునొప్పికి, ఫిట్స్‌కు పసిపిల్లలకు కాల్చి పెడతారు. నల్లజీడి రసం, జిల్లేడు పాలు, సున్నం పుండు మీద పెట్టడం కూడా కాల్చడమే. "మా తాతల నాటి మందు సారూ" అంటారు. తాతలు తెలియక చేశారు, దగ్గర్లో డాక్టరు లేక చేశారు. ఆ నింద గూడెం మీద వేసి చేతులు దులుపుకునే అధికారులకు ఒక మాట: వానాకాలంలో వాగు పొంగితే గూడెం నుంచి ఆసుపత్రికి దారి లేకపోవడం ఎవరి మూఢనమ్మకం?

అన్ని మానని పుండ్లూ క్యాన్సర్ కావు. చక్కెర వ్యాధి వల్ల, రక్తం సరిగా ఆడకపోవడం వల్ల మానని పుండ్లే ఎక్కువ. అయితే తేడా కంటితో పోల్చుకోవచ్చు. అంచులు గట్టిపడి పైకి లేవడం, గోబీపువ్వులాగా కండ పెరగడం, ముట్టుకుంటే నెత్తురు కారడం, కొత్తగా కంపు కొట్టడం, గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కట్టడం. ఇవి కనిపిస్తే పసుపు, ఆయింట్‌మెంటు మానెయ్యాలి. ముఖం మీద, ముక్కు పక్కన, కంటి రెప్ప దగ్గర మెరిసే బుడిపె లేచి మధ్యలో గుంటపడి పక్కు కడుతూ వుంటే అది మరో రకం. అది నెమ్మదిగా పెరుగుతుంది, దూరం పాకడం చాలా అరుదు. కాని వదిలేస్తే ముక్కునూ కంటినీ తినేస్తుంది.

ఎండ కూడా పనిలో భాగమే

2023 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనా వెలువరించాయి. ప్రపంచంలో 160 కోట్లమంది పనివాళ్ళు ఎండకు ఒళ్ళప్పగించి పని చేస్తున్నారు. 2019లో, మెలనోమా కాని చర్మ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరి చావుకు కారణం ఆరుబయట ఎండలో పని చెయ్యడం. ఆ ఏడు 183 దేశాల్లో ఇట్లా చనిపోయినవారు 19 వేలకు దగ్గర. 2000 సంవత్సరంలో ఈ సంఖ్య పదివేల పైచిలుకే. అంటే రైతు, కూలి, రోడ్డు పనివాడు, తాపీపనివాడు మోసే ఎండ ఇప్పుడు లెక్కకెక్కింది. జర్మనీలో 2015 నుంచి ఎండలో పనిచేసి చర్మ క్యాన్సర్ తెచ్చుకున్న కార్మికుడిది వృత్తివ్యాధి. వైద్యం, పరిహారం పొందే హక్కు అతనికి వుంది.

మన దగ్గర? 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలోని వృత్తివ్యాధుల జాబితాలో చర్మ క్యాన్సర్ వుండేది. తారు, పిచ్చు, ఖనిజ నూనెలు, వాటి మడ్డి వల్ల వచ్చింది మాత్రమే. ఎండ అందులో లేదు. ఆ పాత చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 సాంఘిక భద్రతా స్మృతి కూడా ఎండను వృత్తివ్యాధికి కారణంగా గుర్తించలేదు. పొలంలో నలభై ఏళ్ళు ఎండకు కాలినవాడి క్యాన్సర్ అతని సొంత ఖర్మ అన్నమాట.

గల్ఫ్ రాజ్యాలు కార్మికుల పక్షపాతం చూపేవి కావని మనకు తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి పోయిన మన పిల్లల శవపేటికలే దానికి సాక్ష్యం. అటువంటి ఖతర్‌లో కూడా 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించడం నిషేధం. రామగుండంలో, మంచిర్యాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన రోజుల్లో అట్లాంటి నిషేధం మన కూలీకి ఎందుకు వుండకూడదు? 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని జరిగే చోట నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె వుండాలని రాసింది. ఎన్ని చెరువు కట్టల మీద నీడపందిరి చూశాం?

వేడి వేరు, ఈ కిరణాలు వేరు అన్నది తెలిసి వుండాలి. వడదెబ్బ కొట్టేది వేడి. తోలును దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలు మార్గశిరంలో చల్లగాలి వీస్తున్నప్పుడూ వస్తాయి, పలుచటి మబ్బు దాటీ వస్తాయి. పదకొండు నుంచి మూడు దాకా వాటి జోరు ఎక్కువ. తునికాకు కోతకు పోయే గోండు, కోలాం, నాయకపోడు ఆడవాళ్ళు తెల్లారకముందే అడవిలో వుండి, ఎండ ఎక్కేసరికి కట్టలు నెత్తిన పెట్టుకుని గూడెం చేరతారు. పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు అది. పత్తి ఏరేటప్పుడు, కలుపు తీసేటప్పుడు చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కోవడం మన ఆడకూలీల అలవాటు. చూసి నవ్వేవాళ్ళు నవ్వనివ్వండి, అంతకు మించిన రక్షణ అంగట్లో దొరకదు. నేత దగ్గరగా వున్న నూలు గుడ్డ, ముదురు రంగు అయితే మరీ మంచిది. నెత్తిన రుమాలు మెడను, చెవులను కప్పేట్టు చుట్టాలి. పట్నాల్లో సన్‌స్క్రీన్ లేపనాల గురించి ప్రచారం ఎక్కువ. ఒక్క చిన్న సీసా ధర ఒకరోజు కూలిని మింగేస్తుంది. మన తోలుకు, మన పనికి గుడ్డే చాలు.

అయితే కొందరికి ఇది చాలదు. ఒంటి మీద, వెంట్రుకల్లో రంగు లేకుండా తెల్లగా పుట్టినవాళ్ళు మన ఊళ్ళల్లో అక్కడక్కడ వున్నారు. వాళ్ళకు మెలనిన్ కాపలా లేదు. ముప్పై ఏండ్లు రాకముందే ముఖం మీద, మెడ మీద క్యాన్సర్ లేచే ప్రమాదం వుంది. వాళ్ళను ఎగతాళి చెయ్యకుండా నీడపట్టు పని ఇప్పించడం ఊరి బాధ్యత, లేపనం ఉచితంగా ఇవ్వడం సర్కారు బాధ్యత. మేనరికాల్లో అరుదుగా పుట్టే కొందరు పిల్లలకు ఎండ తగిలితే చాలు, మూతి నిండా నల్లటి చుక్కలు పడి, చిన్నతనంలోనే పుండ్లు లేస్తాయి. వాళ్ళను పగటిపూట ఎండలోకి పంపనే కూడదు. బొల్లి మాత్రం వేరు. అది అంటురోగమూ కాదు, కుష్ఠూ కాదు.

తారు, మడ్డినూనె, సంకు

లండన్‌లో పొగగొట్టాలు ఊడ్చే పిల్లలు పెద్దయ్యాక వృషణాల తోలు మీద వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని 1775లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ చెప్పాడు. పని వల్ల క్యాన్సర్ వస్తుందని తేల్చిన మొదటి మాట అది. 1915లో జపాన్ శాస్త్రవేత్తలు యమగివా, ఇచికావా కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ తెప్పించి చూపారు. తారును మన రోడ్డు కూలీలు ఉత్త చేతులతో ముట్టుకుంటున్నారు, గోనెపట్టా చుట్టుకున్న కాళ్ళతో తొక్కుతున్నారు. కాంట్రాక్టరు చేతితొడుగులు, బూట్లు ఇవ్వడం దానం కాదు. ట్రాక్టరు మెకానిక్కులు, బాయి కాడి ఇంజన్లు బాగు చేసేవాళ్ళు, సింగరేణి వర్క్‌షాపుల ఫిట్టర్లు పాత ఆయిలు గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకుంటారు. ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో నూనె ఓడే కదుళ్ళ ముందు నిలబడ్డ కార్మికులకు క్యాన్సర్ వచ్చింది సరిగ్గా ఆ నూనె తడిసిన చోటనే.

సంకు పాషాణం, అంటే ఆర్సెనిక్, ఇంకో శత్రువు. జర్మనీలో ద్రాక్షతోటల రైతులు ఆర్సెనిక్ మందులు కొట్టేవారు. అరిచేతుల్లో, అరికాళ్ళలో కాయలు కాసినట్టు బుడిపెలు లేచి, తర్వాత చర్మ క్యాన్సర్లు వచ్చాయి. 1942లో ఆ మందులను అక్కడ నిషేధించారు. పశ్చిమ బెంగాల్‌లో బోరునీళ్ళలో ఆర్సెనిక్ తాగి ఇట్లాంటి బుడిపెలు వచ్చిన పల్లె రైతులను 1983లో కలకత్తా డాక్టర్లు గుర్తించారు. ఇప్పుడు మన పత్తి చేలల్లో కొట్టే మందులు వేరు. వాటిలో ఎక్కువవాటికి చర్మ క్యాన్సర్‌తో సంబంధం రుజువు కాలేదు, లేనిది చెప్పి లాభం లేదు. కాని 2017లో పక్కనే యవత్‌మాల్‌లో పత్తికి మందు కొట్టి ఇరవై మందికి పైగా చనిపోయారు. తోలు గుండా విషం లోపలికి పోతుందనడానికి వేరే రుజువు అక్కర్లేదు. మందు కారే పంపు వీపుకు కట్టుకోవద్దు. ఆ బట్టలతోనే అన్నానికి కూర్చోవద్దు.

ఎక్కడికి పోవాలె?

"గింత పుండుకు పట్నం పోవాల్నా?" అని అడుగుతారు. చిన్నగా వున్నప్పుడు పోతే ఆ చోట మత్తు సూది ఇచ్చి చుట్టూ కొంత మంచి తోలుతో సహా కోసి కుట్లు వేస్తారు, చాలామందికి అంతటితో పోతుంది. ఆలస్యమైతే కాలు తీసెయ్యవలసి వస్తుంది. కాలు పోయిన కూలికి పని ఎవరిస్తారు?

నెల దాటినా మానని పుండు, పాత మచ్చ మీద కొత్తగా లేచిన కండ, అరికాలిలో పెరిగే నలుపు, గోరు కింద దెబ్బ తగలకుండానే వచ్చిన నల్లగీత. వీటిలో ఏది వున్నా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఆగవద్దు. ఆదిలాబాద్‌లో రిమ్స్ వుంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలోను, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. చర్మం డాక్టరుకో, సర్జన్‌కో చూపించి ముక్క పరీక్ష చెయ్యమని అడగాలి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందనే మాట వట్టి భయం. తియ్యకపోతేనే అది పాకేదాకా తెలియదు. ఈ పరీక్ష ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారంలోపు తేలేటట్టు చెయ్యాలన్నది వ్యవసాయ కార్మిక సంఘాలు ఎత్తుకోవలసిన డిమాండు. బెజ్జూరు, సిర్పూరు నుంచి ఒక కాగితం కోసం మూడుసార్లు తిరిగితే మూడు రోజుల కూలి, బస్సు కిరాయి, తోడు వచ్చినవాడి కూలి పోతాయి.

క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు కాబట్టి ఆపరేషన్‌కు అప్పు చెయ్యాలని ఎవరైనా చెబితే ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. పోయేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్, జిల్లా ఆసుపత్రి ఇచ్చిన చీటీ, ముక్క పరీక్ష కాగితం వెంట వుండాలి. ముక్కను మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. ఆ దిమ్మను, గాజుపలకను కూడా అడిగి తీసుకుపోతే అక్కడ మళ్ళీ కొయ్యకుండా వాటినే చూస్తారు. ఆపరేషన్ అయినాక మొదటి రెండేళ్ళు మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి. ఆ తేదీలు నాట్ల మీదనో, పత్తి ఏరే దినాల మీదనో పడితే ముందే చెప్పి మార్పించుకోవచ్చు, మానెయ్యకూడదు.